ప్లాట్ రేటు పెరిగింది సరే... మన డబ్బు పెరిగిందా?

సొంతూరి వైపు స్థలం కొనాలనుకునే ఉద్యోగులు అడ్వాన్స్ ఇవ్వడానికి ముందు వేసుకోవాల్సిన లెక్క

"అల్లుడూ, ఇప్పుడు కొనకపోతే ఇంక ఈ జన్మలో కొనలేవు!"

పోయిన సంక్రాంతికి సీతారామపురంలో బస్సు దిగి ఇంటికెళ్తే మా మామ అన్న మొదటి మాట ఇది. నేనింకా కాళ్లు కూడా కడుక్కోలేదు. ఆయన ఫోన్‌లో రంగురంగుల బ్రోచర్ రెడీగా ఉంది. అందులో ఆర్చి, దాని వెనక వెడల్పాటి రోడ్డు, రోడ్డుకు రెండు పక్కలా ఖర్జూరపు చెట్లు. వెలిగొండ కింద పుట్టి పెరిగినోడిని, మా వైపు అన్ని ఖర్జూరపు చెట్లు నేనెప్పుడూ చూళ్లేదు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఆరేళ్లు ఉద్యోగం చేసి, చెల్లెలి పెళ్లి ఖర్చులు పోను పన్నెండు, పదమూడు లక్షలు వెనకేశాను. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలుసు. ఇంట్లోవాళ్లకు తెలిస్తే ఊరికి తెలిసినట్టే. అందుకే ఆ పండక్కి నా ముందుకు రెండు బేరాలొచ్చాయి. ఒకటి ఆత్మకూరు వైపు వెంచర్‌లో 25 అంకణాల ప్లాటు, 12 లక్షలు. రెండోది మా ఊరి దగ్గరే రెండెకరాల మెట్ట, బయటి రేటులో సగానికే.

నాన్నకు రెండోది నచ్చింది, మామకు మొదటిది. నాకు మాత్రం ఏది మంచిదో కాదు, ఎలా తేల్చుకోవాలో తెలియలేదు. ఆఫీసులో రెండు వేల రూపాయల కీబోర్డు కొనడానికి పది రివ్యూలు చదివే నేను, ఆరేళ్ల జీతం పెట్టడానికి ఒక్క వాట్సాప్ బ్రోచర్ చూసి తలూపబోయాను. ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచాను. అందులో తేలిన లెక్కలు మీకూ పనికొస్తాయని రాస్తున్నా.

బ్రోచర్‌లో లేని ఖర్చులు

మొదట కొలత. మా జిల్లాలో ఇళ్ల స్థలాలను అంకణాల్లో చెప్తారు. అంకణం అంటే ఒకచోట 72 చదరపు అడుగులు, ఇంకోచోట 36. అంటే అదే 25 అంకణాలు ఒక లెక్కలో 200 గజాలు, ఇంకో లెక్కలో 100 గజాలే. కాబట్టి ఎవరు ఏ లెక్క చెప్పినా చదరపు గజాల్లోకి మార్చి, కాగితం మీద రాయించుకోండి. మామ చెప్పింది 200 గజాల లెక్కే. అది కూడా నేను అడిగాకే తెలిసింది.

తర్వాత ధర. 12 లక్షలన్నది స్థలం ధర. మన జేబులోంచి పోయేది అంతకంటే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో స్థలం రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, మొత్తం 7.5 శాతం. నేను వేసుకున్న లెక్క ఇది.

స్థలం: 12,00,000
రిజిస్ట్రేషన్: 90,000
మధ్యవర్తికి 2 శాతం: 24,000
కంచె, హద్దురాళ్లు, చదును: 36,000
మొత్తం: 13,50,000

ఏడేళ్ల తర్వాత దీన్ని 20 లక్షలకు అమ్మాననుకుందాం. "12కి కొని 20కి అమ్మాడు, ఎనిమిది లక్షలు మిగిలాయి" అని ఊళ్లో అంటారు. అసలు మిగిలేదెంత?

అమ్మేటప్పుడు మళ్లీ 2 శాతం కమీషన్, 40 వేలు. చేతికొచ్చేది 19.6 లక్షలు. అందులో ఖర్చులన్నీ తీసేస్తే లాభం 6.1 లక్షలు. రెండేళ్లు దాటి ఉంచుకున్న స్థలం మీద లాభానికి 2024 జులై 23 నుంచి 12.5 శాతం పన్ను. దాని మీద 4 శాతం సెస్. కలిపి దాదాపు 79 వేలు. చివరికి చేతిలో మిగిలేది 18 లక్షల 80 వేలు.

13.5 లక్షలు ఏడేళ్లలో 18.8 లక్షలైతే ఏడాదికి పెరిగింది 4.85 శాతం. ఇంతే!

అదే డబ్బు 7 శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టి, 30 శాతం స్లాబులో పన్ను కట్టినా దాదాపు అంతే వచ్చేది. 20 శాతం స్లాబులో ఉన్నవాళ్లకైతే డిపాజిట్‌లోనే ఎక్కువ మిగిలేది. పైగా డిపాజిట్‌కు ముళ్లకంపలు కొట్టించాల్సిన పని లేదు, హద్దురాళ్లు ఎవరైనా జరిపారేమోనని ఏడాదికోసారి వెళ్లి చూసుకోవాల్సిన పనీ లేదు.

అంటే స్థలం దండగనా? కాదు. 20 లక్షలకు బదులు 30 లక్షలకు పోతే లెక్క వేరు. కానీ "పెరుగుతుంది" అన్న ఒక్క మాట సరిపోదు. ఎంత, ఎన్నేళ్లలో అన్నదే ముఖ్యం.

72ని భాగిస్తే చాలు

ఎక్సెల్ తెలియకపోయినా పర్లేదు. ఊళ్లో ఎవరైనా "రెట్టింపైంది" అంటే, 72ని ఆ ఏళ్లతో భాగించండి. ఆరేళ్లలో రెట్టింపైతే ఏడాదికి 12 శాతం, చాలా మంచిది. పదేళ్లలో అయితే 7.2 శాతం, పర్లేదు. పద్దెనిమిదేళ్లు పడితే 4 శాతం. అదీ ఖర్చులు, పన్ను తీయకముందు.

నాన్న ఓసారి గర్వంగా చెప్పాడు, "మన పక్కన చేను పదిహేనేళ్లలో మూడింతలైంది నాయనా" అని. లెక్క వేస్తే ఏడాదికి 7.6 శాతం. నాన్న కాసేపు ఆలోచించి, "మరి మూడింతలంటే అంత పెద్దగా వినపడతాదే!" అన్నాడు. అదే కదా సంగతి. భూమి లెక్క మనకు ఎప్పుడూ మొత్తంలోనే వినపడుతుంది, ఏడాదికింత అని ఎవరూ చెప్పరు. అమ్మి లాభపడినవాళ్ల కథలే రచ్చబండ మీదికొస్తాయి. కొని ఇరుక్కున్నవాళ్లు బయటికి చెప్పుకోరు.

"రైలొస్తాది అల్లుడూ!"

ఇది మామ బ్రహ్మాస్త్రం. నడికుడి - శ్రీకాళహస్తి రైలు మార్గం మా మెట్ట ప్రాంతం మీదుగా వెళ్తుంది. దాదాపు 309 కిలోమీటర్లు. 2011-12లో మంజూరైంది. అప్పుడు నేను హైస్కూల్లో ఉన్నా. ఇంజినీరింగ్ అయిపోయింది, ఉద్యోగమొచ్చింది, చెల్లెలి పెళ్లయింది. పనులు జరుగుతున్న మాట నిజమే గానీ, మా వైపు ఇంకా రైలు కూత వినపడలేదు. వెలిగొండ ప్రాజెక్టు సంగతీ అంతే. దానికి మొదటి శంకుస్థాపన 1996లో జరిగింది. ఆ నీళ్లొస్తాయని ఉదయగిరి మెట్టలో ఒక తరం ఎదురుచూస్తూనే పెద్దదైంది.

రైలు రాదని నేననడం లేదు. రైలు వస్తుందన్న వార్త నిన్న పుట్టింది కాదు. ఆ పేరుతో రేటు ఎప్పుడో పెరిగిపోయింది. రాని రైలుకు టికెట్ డబ్బులు ముందే కట్టినట్టు, మనం ఇవాళ కొనే ధరలో ఆ ఆశ ఖరీదు కూడా ఉంది. పైగా ఒక్కో ఏడాది ఆలస్యమైన కొద్దీ మన శాతం తగ్గిపోతుంటుంది. ఏడేళ్లలో రెట్టింపైతే 10 శాతం పైన. అదే రెట్టింపుకు పద్నాలుగేళ్లు పడితే 5 శాతం.

ఇంతకంటే పెద్ద ఉదాహరణ అమరావతి. 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగింది. చుట్టుపక్కల ఊళ్లలో గజం లెక్కలు మారిపోయాయి. 2019 డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. 2022 మార్చి 3న అమరావతినే అభివృద్ధి చేయాలని హైకోర్టు తీర్పిచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది. 2025 మే 2న పనులు మళ్లీ మొదలయ్యాయి. మొదటి శంకుస్థాపనకూ, పనుల పునఃప్రారంభానికీ మధ్య దాదాపు పదేళ్లు.

2015లో అక్కడ ఒకే రేటుకు, పక్కపక్కనే ఇద్దరు కొన్నారనుకోండి. ఒకరు మిగులు డబ్బుతో, ఇంకొకరు అప్పుతో. మొదటాయన ఆ పదేళ్లూ ఓపిక పట్టగలడు. రెండో ఆయన్ని 2020లో వడ్డీయే అమ్మించేస్తుంది. స్థలం ఒకటే, రేటు ఒకటే. తేడా అంతా ఎంతకాలం ఆగగలం అన్నదాంట్లోనే.

అప్పు చేసి కొంటే?

"నీ దగ్గర ఉన్నది సగం పెట్టు, మిగతాది బ్యాంకిస్తాది" అన్నాడు మామ. సరే, ఆ లెక్కా వేశాను.

8 లక్షలు, 9.5 శాతం వడ్డీ, ఏడేళ్లు. ఈఎంఐ నెలకు దాదాపు 13,075. ఏడేళ్లలో వడ్డీ ఒక్కటే 2.98 లక్షలు. పైన మనకు మిగిలిన లాభం 5.3 లక్షలు కదా, అందులో ఈ వడ్డీ తీసేస్తే మిగిలేది 2.3 లక్షలు. ఏడేళ్ల టెన్షన్‌కు!

ఇల్లు కొనే అప్పుకూ, ఖాళీ స్థలం అప్పుకూ ఇంకో తేడా ఉంది. ఇల్లయితే అద్దె వస్తుంది, లేదా మనం కట్టే అద్దె మిగులుతుంది. ఖాళీ ప్లాటు రూపాయి కూడా ఇవ్వదు. ఇల్లు కట్టేదాకా ప్లాటు లోన్ వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకైతే సొంతంగా ఉండే ఇంటి లోన్ వడ్డీకీ లేదు. "లోన్ తీసుకుంటే ట్యాక్స్ కలిసొస్తుంది" అని ఎవరైనా అంటే, ఏ విధానంలో అని అడగండి.

మా ఫీల్డ్‌లో ఉద్యోగం ఎప్పుడుంటుందో ఎప్పుడు ఊడుతుందో తెలియదు. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా, వెంటనే తీసుకోగలిగేలా ఉంచుకోకుండా ప్లాటు జోలికి వెళ్లకూడదని అప్పుడే అనుకున్నా. అర్ధరాత్రి ఆసుపత్రిలో డబ్బు కట్టమంటే గజం కోసి ఇవ్వలేం కదా.

సగం రేటుకు భూమి ఎందుకిస్తారు?

ఇక నాన్నకు నచ్చిన రెండెకరాలు. రేటు సగమెందుకని అడిగితే, "వాళ్లకు అర్జెంటు" అన్నారు. సర్వే నంబరు తీసుకుని చూస్తే అర్థమైంది. అది డీకేటీ భూమి. అంటే భూమి లేని పేదలకు ప్రభుత్వం సాగు కోసం ఇచ్చిన అసైన్డ్ భూమి.

అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం 1977 నాటిది. ఆ చట్టం కింద అలాంటి భూమిని కొన్నవాళ్లకు హక్కు రాదు. ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకున్నా, పెద్దమనుషుల సంతకాలున్నా అంతే. 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు అసలు పట్టాదారుకో వారసులకో అమ్ముకునే హక్కు కల్పించారు. దాన్నే ఫ్రీహోల్డ్ అన్నారు. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చాక, అక్రమాలు జరిగాయంటూ ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. మధ్యలో కొన్నవాడి పరిస్థితి ఊహించుకోండి.

మా జిల్లాలో చుక్కల భూములదీ పెద్ద కథే. పాత రికార్డుల్లో పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములివి. తాతల నాటి నుంచి సాగు చేస్తున్నా అమ్ముకోలేరు. వీటి కోసం 2017లో ఒక చట్టం వచ్చింది. 2023 మేలో కావలిలో సభ పెట్టి, చాలా భూములను నిషేధిత జాబితా నుంచి తీసేసినట్టు ప్రకటించారు. ఆ జాబితానే 22ఏ అంటారు. సర్వే నంబరు అందులో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు.

వీటిలో చాలా వరకు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత జాబితా, ఈసీ ఉంటాయి. మీభూమిలో 1బీ, అడంగల్ ఉంటాయి. కానీ ఒక మాట గుర్తుంచుకోండి. మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే దస్తావేజు నమోదు మాత్రమే, అమ్మినవాడికి హక్కు ఉందని ప్రభుత్వం ఇచ్చే గ్యారంటీ కాదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనపడతాయి. వాటాల గొడవ కనపడదు. అందుకే కనీసం ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు లాయర్‌కు చూపించాలి. దానికి అయ్యే కొన్ని వేలు మన మొత్తం ఖర్చులో అన్నిటికంటే చవకైనవి. జీపీఏ మీద, ఉత్త అగ్రిమెంటు మీద కొంటే యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

సగం రేటు భూమి చవక కాదు. సగం హక్కుకు సగం రేటు, అంతే. కొన్నిసార్లు ఆ సగం హక్కు కూడా ఉండదు.

వెంచర్ అయితే

ప్లాట్లకు ఇంకో జాగ్రత్త ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రెరా చట్టం 2016లో వచ్చింది. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉంచాలి. "అప్రూవల్ వస్తాది, ముందు కడితే రేటు తక్కువ" అనే ప్రీలాంచ్ మాటలు ఈ రక్షణ మొత్తాన్ని పక్కన పెట్టేస్తాయి.

మామను రెరా నంబరు అడిగాను. రెండు రోజుల తర్వాత, "అప్లై చేశారంట" అని చెప్పాడు. నాకు అర్థమైపోయింది.

అగ్రిగోల్డ్ మన రాష్ట్రం అంత తేలిగ్గా మర్చిపోయే పేరు కాదు. స్థలం ఇస్తాం, లేదా డబ్బు పెంచి ఇస్తాం అంటూ లక్షల మంది నుంచి ఆరు వేల కోట్లకు పైగా వసూలు చేశారు. చాలామంది కూలీనాలీ చేసుకునేవాళ్లే. తెలిసిన ఏజెంటు వచ్చాడని కట్టారు. వాళ్ల చేతిలో మిగిలింది బాండు కాగితం. ప్లాటు పేరున్న కాగితం ప్లాటు కాదు. ఏజెంటు మనోడే కావచ్చు, కంపెనీ మనది కాదు.

అమ్మే రోజు గురించి కొనే రోజే ఆలోచించండి

షేర్లయితే ఫోన్‌లో ఒక్క నొక్కుతో అమ్ముకోవచ్చు. ఆత్మకూరు పక్కన ప్లాటుకు కొనేవాడు దొరకాలి, రేటు కుదరాలి, అగ్రిమెంటుకు మూడు నెలల గడువు అడుగుతాడు. మనకు అర్జెంటని తెలిస్తే రేటు ఇంకా తగ్గిస్తాడు. అందుకే నేను మామను అడిగిన ప్రశ్న ఒకటే. "ఆ వెంచర్‌లో రెండోసారి అమ్ముడుపోయిన ప్లాట్లు ఎన్ని మామా?" కంపెనీ కొత్తగా అమ్మే రేటు అసలు రేటు కాదు. కొన్నవాడు తిరిగి అమ్మినప్పుడు వచ్చిందే అసలు రేటు.

ఇంకోటి బ్లాక్, వైట్ లెక్క. "గవర్నమెంటు రేటుకే రాయించుకో, స్టాంపు డ్యూటీ మిగులుతాది" అంటారు. చట్టరీత్యా తప్పన్నది సరే, డబ్బు లెక్కలోనూ నష్టమే. కాగితం మీద 6 లక్షలని రాయించుకుంటే, రేపు అమ్మేటప్పుడు లాభం 6 లక్షల నుంచి లెక్కేస్తారు. ఇవాళ మిగిలిన డ్యూటీ కంటే రేపు కట్టే పన్నే ఎక్కువవ్వచ్చు. గొడవొస్తే కాగితంలో ఉన్నదే మనం పెట్టిన డబ్బు. స్థలం అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే తీసుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. రేపు అమ్మేది మనమేనని మర్చిపోవద్దు.

వ్యవసాయ భూమికి ఒక మేలుంది. మున్సిపాలిటీకి దూరంగా ఉన్న పల్లె పొలం అమ్మితే లాభంపై పన్ను లేదు. ఆ దూరం పట్టణ జనాభాను బట్టి 2, 6 లేదా 8 కిలోమీటర్లు దాటాలి. అదే పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మితే ఈ మినహాయింపు వర్తించదు.

రియల్ ఎస్టేట్‌లోనే పెట్టాలి, కానీ లక్షలు లేవు అంటారా? స్టాక్ మార్కెట్‌లో రీట్‌లు ఉన్నాయి. మన దేశంలో మొదటిది 2019లో లిస్టయింది. హైదరాబాద్ మాదాపూర్‌లోని మైండ్‌స్పేస్ ఆఫీసు భవనాలు కూడా ఒక రీట్ కిందే ఉన్నాయి. ఒక్క యూనిట్ కూడా కొనొచ్చు. అద్దెల మీద మిగిలినదాంట్లో కనీసం 90 శాతం మదుపరులకు పంచాలన్నది నిబంధన. ధర తగ్గే రిస్కు ఉంటుంది. కానీ అమ్మడానికి మూడు నెలలు పట్టదు.

చివరికి మేం కొన్నదేంటి?

ఏమీ కొనలేదు. నాన్నకు కోపమొచ్చింది. "నీకు లెక్కలు తెలుసు నాయనా, నాకు నేల తెలుసు. ఊళ్లో మనకంటూ ఇంత ఉండాల్లే" అన్నాడు. ఆ మాటకు నా ఎక్సెల్‌లో కాలమ్ లేదు. అప్పుడే అడిగాను, మనకున్న మూడెకరాల కాగితాలు ఎక్కడున్నాయని.

బీరువాలోంచి పాత ప్లాస్టిక్ కవరు తీశాడు. పాస్‌బుక్ ఇంకా తాత పేరు మీదే ఉంది. తాత పోయి పద్నాలుగేళ్లయింది. ఆ పొలంలో నాన్నకు, బాబాయికి, మా అత్తకు వాటా ఉంది. కూతుళ్లకు సమాన వాటా అన్నది మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. మా ఇంట్లో అత్తను ఆ విషయం ఎవరూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు. ఆ కాగితాలతో రేపు నాన్న అప్పు తెచ్చుకోవాలన్నా, అమ్మాలన్నా కుదరదు. కొత్త భూమి కోసం ఇంత గింజుకున్నాం, ఉన్న భూమి మా పేరు మీదే లేదు.

నాన్న ఫోన్ చేస్తే అత్త చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్నేళ్లకు గుర్తొచ్చానా అన్నా?" అంది. తర్వాత వచ్చింది. సర్వే చేయించి హద్దులు పెట్టించాం. ముగ్గురూ కూర్చుని భాగాలు రాసుకుని రిజిస్టర్ చేయించుకున్నారు. అత్త తన ఎకరా తన పేరునే ఉంచుకుంది, కౌలు మాత్రం నాన్నకే ఇచ్చింది. ఖర్చు నేను పెట్టుకున్నా. ప్లాటు కోసం అనుకున్న డబ్బులో అది చిన్న భాగమే. మిగతాది కొంత డిపాజిట్‌లో, కొంత నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లో వేస్తున్నా. ఎప్పటికైనా ప్లాటు కొంటా. కానీ రెరా నంబరు చూసి, అప్పు లేకుండా, పదేళ్లు మర్చిపోగలిగిన డబ్బుతోనే.

మొన్న మామ ఫోన్ చేశాడు. "చూశావా అల్లుడూ, ఆ ప్లాటు అప్పుడే లక్ష పెరిగింది!"

"మంచిదే మామా, నీ ప్లాటు ఒకటి అమ్మి చూపించు" అన్నా. ఇంకా కొనేవాడి కోసం చూస్తున్నాడు.